ఏటూరునాగారం వైపు పల్లె నుంచి రెటీనా వైద్యానికి నెలనెలా వెళ్లడం ఎలా?

ప్రశ్న: ఏటూరునాగారం వాసి

మాది ఏటూరునాగారం మండలంలో గోదావరి వైపున్న చిన్న ఊరు. మా అమ్మకు యాభై ఎనిమిదేళ్లు, పదకొండేళ్లుగా షుగరు ఉంది. రెండేళ్ల క్రితం ఊళ్లో పెట్టిన ఒక శిబిరంలో కళ్లు చూసి, శుక్లం మొదలైందని, ముదిరాక ఆపరేషన్ చేయించుకోవచ్చని చెప్పి, దగ్గరి చూపుకు అద్దాలు ఇచ్చి పంపారు. ఆ మాట పట్టుకుని మేమంతా శుక్లం ముదిరే దాకా ఆగుదామని ఊరుకున్నాము. ఈ సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ చాటలో బియ్యం పోసుకుని రాళ్లను చూపుతో కాకుండా వేళ్లతో తడిమి ఏరుతోంది. ఏమైందని అడిగితే, "నీ మొకంల నడుమ ఏదో మసకున్నది బిడ్డా, చెవులైతే మంచిగనే కనబడుతున్నయ్" అంది.

హనుమకొండలో ఒక ప్రైవేటు కంటి ఆసుపత్రికి తీసుకెళ్తే, శుక్లం సంగతి తర్వాత చూద్దామని, ముందు కంటి వెనక తెరలో (రెటీనాలో) నీరు చేరింది కాబట్టి నెలకొకటి చొప్పున కనీసం మూడు సూదులు వేయాలని అన్నారు. సూదికి ఎంతవుతుందో వెంటనే చెప్పారు గానీ, ఆ మందు పేరేమిటో, మూడుతో ఆగుతుందో లేదో అడిగితే నిలబడి జవాబు చెప్పినవారు లేరు. స్కాన్ బొమ్మ అడిగితే బిల్లు చేతిలో పెట్టారు.

నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను, నాన్న నడుము నొప్పితో బస్సు ప్రయాణం చేయలేరు. ఊరి నుంచి వరంగల్ వంద కిలోమీటర్ల పైమాటే. ప్రభుత్వ వైద్యంలో ఈ సూదులు సాధ్యమా, శుక్లం ఆపరేషన్ ముందు చేయించడం మంచిదా, నెలనెలా అమ్మను తీసుకెళ్లే ఏర్పాటు మీలో ఎవరైనా ఎలా చేసుకున్నారు అనేవి నా ప్రశ్నలు.

సమాధానం 1: బాసర దారి

నేను నిర్మల్ జిల్లాలో ఒక దృష్టి కేంద్రంలో ఎనిమిదేళ్లు పనిచేశాను. డాక్టరును కాను. చూపు కొలిచి, అద్దాలు రాసి, ఎవరిని ఎక్కడికి పంపాలో నిర్ణయించడం నా పని. కాబట్టి మందుల గురించి నేను రాసేది మీరు డాక్టరును అడగడానికి పనికొచ్చే మేరకే తీసుకోండి.

మొదట ఆపరేషన్ వరుస గురించి. శుక్లం అంటే కంటిలోని కటకం మసకబారడం, దాన్ని తీసి కొత్త కటకం పెడితే ఆ మసక పోతుంది, కొన్ని నెలలు ఆలస్యమైనా సాధారణంగా నష్టం తక్కువ. అమ్మగారు చెప్పిన లక్షణం మాత్రం శుక్లానిది కాదు. శుక్లం అయితే ముఖమంతా మసకగా కనబడుతుంది, నడుమ మసకబారి అంచులు స్పష్టంగా ఉన్నాయంటే తెర మధ్య భాగం దెబ్బతిన్నదన్న అనుమానం రావాలి. అక్కడ నీరు ఉండగా శుక్లం ఆపరేషన్ చేస్తే ఆ వాపు ఇంకా పెరిగే ప్రమాదం ఉంది, అందుకే మామూలుగా ముందు తెరను కుదుటపరచి, ఆ తర్వాత శుక్లం జోలికి వెళ్తారు. హనుమకొండలో చెప్పిన తీరు మీకు నచ్చకపోయినా, చెప్పిన వరుస సరైనదే.

రెండోది, శిబిరం గురించి మీ కోపం నాకు అర్థమవుతుంది గానీ, అక్కడ జరిగేది ఏమిటో కూడా తెలిసి ఉండాలి. 2018 ఆగస్టు 15న మొదలైన ప్రభుత్వ ఉచిత కంటి పరీక్షల కార్యక్రమం కంటి వెలుగులోనూ, 2023 జనవరి 18న ఖమ్మంలో మొదలైన దాని రెండో విడతలోనూ ప్రధానమైన పని చూపు కొలవడం, అద్దాలు ఇవ్వడం, అవసరమైనవారిని పై ఆసుపత్రికి రాయడం. ఊళ్లలో అద్దాలు లేక ఇబ్బంది పడుతున్నవారికి అది ఎంతో మేలు చేసింది. కానీ షుగరు ఉన్నవారికి చుక్కల మందు వేసి, కంటిపాపను పెద్దది చేసి తెరను చూడాలి, అది ఏడాదికి ఒక్కసారైనా జరగాలి, చూపు బాగున్నప్పుడు కూడా జరగాలి. తెరలో రక్తనాళాలు కారడం మొదలైనప్పుడు నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, చాలాకాలం చూపు కూడా తగ్గదు. మా కేంద్రానికి వచ్చిన షుగరు రోగుల్లో చాలామంది "నాకు కళ్లు బాగనే ఉన్నయి కదా" అని చుక్కల మందు వేయించుకోకుండా లేచి వెళ్లిపోయేవారు. ఆ మందు వేస్తే నాలుగైదు గంటలు దగ్గరి అక్షరాలు కనబడవు, ఎండ భరించలేరు, బండి నడపకూడదు. పొద్దున వచ్చి పత్తి ఏరడానికి తిరిగి వెళ్లాల్సిన మనిషికి అది ఒక రోజు కూలి పోవడమే.

ఇక ఎక్కడికి వెళ్లాలన్నది. వరంగల్‌లో కాకతీయ వైద్య కళాశాలకు అనుబంధంగా ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, హైదరాబాద్ మెహిదీపట్నంలో సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ఉంది. రెండూ ప్రభుత్వానివే. రెటీనా డాక్టరు ఏ రోజు చూస్తారో, సూదులు ఏ రోజు వేస్తారో ముందే కనుక్కుని వెళ్లండి, ఎందుకంటే కంటి ఆసుపత్రికి వెళ్లడం వేరు, ఆ రోజు రెటీనా డాక్టరు ఉండటం వేరు. ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ 1996లో ముధోల్‌లో పెట్టిన ఆసుపత్రి లాంటి చోట్ల, దాదాపు 50,000 మందికి ఒక దృష్టి కేంద్రం, అలాంటి కేంద్రాలకు పైన 5 లక్షల మందికి ఒక చిన్న ఆసుపత్రి అనే పద్ధతి ఉంది. శుక్లం ఆపరేషన్ అక్కడే అవుతుంది, తెర వ్యాధికి మాత్రం అక్కడి నుంచి కూడా పైకే పంపుతారు.

మందు పేరు అడగడం మీ హక్కు. ఈ వాపుకు వేసే సూదుల్లో ఖరీదు బాగా ఎక్కువైనవి ఉన్నాయి, వాటికంటే చాలా చవకైన బెవాసిజుమాబ్ కూడా ఉంది. అది మొదట క్యాన్సర్ కోసం వచ్చిన మందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో కంటి వాడకానికి అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మీ అమ్మగారి కంటికి ఏది సరిపోతుందో డాక్టరే చెప్పాలి, చవకదే తీసుకోవాలని నేను అనడం లేదు.

సమాధానం 2: కాజీపేట జంక్షన్

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వరంగల్‌లో తిరిగి సమయం వృథా చేయకుండా, మీరు ఉన్న హైదరాబాద్‌కే అమ్మగారిని తెచ్చుకుని మూడు నెలలు ఉంచుకోండి. పెద్ద ఆసుపత్రిలో ఒకే చోట స్కాన్, సూది, శుక్లం అన్నీ అయిపోతాయి.

సమాధానం 3: పాకాల రైతు

కాజీపేట మిత్రుని మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. మూడు నెలలు ఇల్లు వదిలి పట్నంలో ఉండమంటే మా ఇళ్లలో ఆడవాళ్లు ఒప్పుకోరు. ఒప్పుకున్నా రెండో నెలలోనే ఇంటి మీద మనసు పడి తిరిగి వస్తారు. దూరం పెరిగేకొద్దీ తప్పిపోయేది మొదటి ప్రయాణం కాదు, రెండోదీ మూడోదీ.

నాది నర్సంపేట దగ్గర. మూడేళ్ల క్రితం వానాకాలం వరి నూర్పిళ్లలో ఊక నలుసు కంట్లో పడింది. సాయంత్రానికి కన్ను ఎర్రబడితే ఒక మందుల దుకాణంలో చుక్కల మందు ఇచ్చారు, రెండు రోజులు ఎరుపు తగ్గి హాయిగా ఉంది, నాలుగో రోజుకు నల్లగుడ్డు మీద జొన్నగింజంత తెల్లటి మచ్చ వచ్చింది. అప్పటికి మా అత్తమ్మ ఆముదం కూడా వేసింది. ఆ చుక్కల్లో స్టెరాయిడ్ ఉందని, వరి ఊక తగిలిన కంటికి బూజు సోకినప్పుడు అది నిప్పు మీద నెయ్యి పోయడమేనని తర్వాత ప్రాంతీయ ఆసుపత్రిలో డాక్టరు చెప్పారు. మచ్చ నుంచి గీకి తీసి పరీక్ష చేసి, గంటకొకసారి వేసుకునే మందు రాశారు. రాత్రిళ్లు గంటకోసారి అలారం పెట్టుకుని లేచి వేసేది మా ఆవిడే. చూపు నిలిచింది గానీ మచ్చ మిగిలింది, ఎదురుగా బండి వస్తే రాత్రిపూట వెలుగు చెదురుతుంది.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, కంటి డాక్టర్లలోనూ నల్లగుడ్డు చూసేవారు, తెర చూసేవారు, నీటికాసులు (గ్లాకోమా) చూసేవారు వేరువేరు అని నాకు అప్పుడే తెలిసింది. వాటి గడువులు కూడా వేరు. నాకు రోజుల లెక్క, మీ అమ్మగారికి వారాల లెక్క. ఒక్కసారిగా మెరుపులు, నల్లటి చుక్కలు, పరదా దిగినట్టు కనబడితే మాత్రం ఆ రోజే బయలుదేరాలి.

సమాధానం 4: ఆశా అక్క

నేను భూపాలపల్లి జిల్లాలో ఆశా కార్యకర్తను. మా ఊరి నుంచి కంటి ఆసుపత్రికి వెళ్లే షుగరు వాళ్లు ముగ్గురు ఉన్నారు, వాళ్ల తేదీలు ఒకే రోజుకు వచ్చేలా డాక్టరుగారిని అడిగి మార్పించాము. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి ఆధార్ కార్డు ఉంటే చాలు, మగ తోడు టికెట్ ఒక్కటే ఖర్చు. చూపు తగ్గిన మనిషిని ఒంటరిగా పంపకండి, తిరుగు ప్రయాణంలో చుక్కల మందు వల్ల బస్సు బోర్డు కూడా చదవలేరు.

ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెరిగిన మాట నిజమే గానీ, మీకు రాసిన సూది అందులో వస్తుందా రాదా అన్నది ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను సూదికి ముందే అడగాలి. డబ్బు కట్టాక అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు. కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి, పైన పెద్ద అక్షరాలతో తర్వాతి తేదీ రాసి, గోడకు వేలాడదీయండి. దుప్పట్ల కింద పెట్టిన చీటీ తడిసి అతుక్కుపోయి, మా ఊళ్లో ఒకామెకు అన్ని పరీక్షలూ మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. ఇంకొక మాట, సూది రోజుకు ముందు షుగరు, బీపీ చూపించుకుని వెళ్లండి. మరీ ఎక్కువగా ఉన్నాయని వెనక్కి పంపితే నూరు కిలోమీటర్లు వృథా.

ఏటూరునాగారం వాసి (మళ్లీ)

అందరికీ కృతజ్ఞతలు. ఇది రాయడం ఆలస్యమైంది. వరంగల్ ప్రాంతీయ ఆసుపత్రికి ముందుగా ఫోన్ చేసి రోజు కనుక్కుని, నేనే సెలవు పెట్టి వెళ్లాను. చుక్కల మందు వేశాక అమ్మ బయట చెట్టు కింద కొంగు ముఖం మీద కప్పుకుని మధ్యాహ్నం దాకా కూర్చుంది. రెండు కళ్లలోనూ జబ్బు ఉంది, కుడి కంట్లో మాత్రమే వాపు ఉంది. ఎడమ కన్ను ఇంకా కాపాడుకోదగిన స్థితిలో ఉందని చెప్పారు, షుగరు అదుపు గురించి గట్టిగా మందలించారు. మందు పేరు చీటీ మీద రాయించుకున్నాను. స్కాన్ బొమ్మను ఫోన్‌లో ఫోటో తీసుకుని చెల్లికి కూడా పంపాను.

మొదటి సూది అయింది. అమ్మ భయపడినంత నొప్పి లేదట, కంట్లో ఇసుక పడినట్టు ఒక పూట ఉండి తగ్గిందట. రెండోది వచ్చే నెలలో, నాట్ల రోజుల్లో పడింది. నాకు సెలవు దొరకదు. పక్కింటి వదిన తోడు వెళ్తానంది. ఆమె భర్తకు కూడా ఆరేళ్లుగా షుగరు ఉందని, ఇంతవరకు ఒక్కసారి కూడా చుక్కల మందు వేయించుకోలేదని తెలిసి, ఆయన పేరు మీద కూడా చీటీ తీయించమని చెప్పాను. ముగ్గురూ పొద్దున మొదటి బస్సుకు బయలుదేరుతారు.