పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టరు దగ్గరికి మెడికల్ విద్యార్థులను పంపే ముందు ఆ డాక్టరుకు శిక్షణ తప్పనిసరి చేయాలా?

గౌతమి పాయ (మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్, అంటే ప్రజారోగ్య విభాగం, అధ్యాపకురాలు)

మెడికల్ కాలేజీలో పాఠం చెప్పే ప్రతి ఒక్కరూ ‘బేసిక్ కోర్స్ ఇన్ మెడికల్ ఎడ్యుకేషన్’ (ఎలా బోధించాలో నేర్పే కోర్సు) పూర్తి చేయాలని జాతీయ వైద్య కమిషన్ నిబంధన. పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరు ఫ్యాకల్టీ కాదు కాబట్టి ఆ కోర్సు ఆయన దాకా రాదు. కానీ మన పిల్లలు వెళ్ళేది ఆయన దగ్గరికే. 2021 ఇంటర్న్‌షిప్ నిబంధనల ప్రకారం హౌస్‌సర్జన్ (ఎంబీబీఎస్ చివర ఇంటర్న్‌షిప్ చేసే డాక్టరు) ఏడాదిలో 12 వారాలు కమ్యూనిటీ మెడిసిన్‌కే కేటాయించారు. కుటుంబ దత్తత కార్యక్రమం (విద్యార్థికి ఊళ్ళో కొన్ని కుటుంబాలను అప్పగించి వాళ్ళ ఆరోగ్యం చూడమనేది) వచ్చాక మొదటి ఏడాది విద్యార్థులు కూడా ఊళ్ళోకి వెళ్తున్నారు. కాలేజీ గోడ దాటిన తర్వాత వాళ్ళకు నేర్పేది ఎవరు, ఎలా నేర్పుతున్నారు అన్నది ఎవరూ చూడట్లేదు.

విద్యార్థిని పక్కన పెట్టుకుని రోగిని చూడటం వేరే పని. మంచి డాక్టరైనంత మాత్రాన అది వచ్చేయదు. అందుకే కాకినాడలో రెండు రోజుల శిక్షణ తీసుకున్న డాక్టరు దగ్గరికే విద్యార్థులను పంపాలంటాను. తణుకు, రావులపాలెం లాంటి చోట్ల క్లినిక్ పెట్టుకున్న జనరల్ ప్రాక్టీషనర్లను కూడా ఇందులోకి తేవాలి. జ్వరమొస్తే గోదావరి డెల్టాలో చాలామంది ముందు వెళ్ళేది వాళ్ళ దగ్గరికే. ఆ ఓపీ ఎలా ఉంటుందో మన విద్యార్థి ఎంబీబీఎస్ అయ్యేదాకా చూడడు. మీరేమంటారు?

పాలకొల్లు క్లినిక్

మేడమ్, మీ మీద గౌరవం ఉంచుకునే చెబుతున్నాను, ‘తప్పనిసరి’ అన్న మాట దగ్గర నేను ఒప్పుకోను. నేను మా సీనియర్ డాక్టరు గారి పక్కన స్టూలు వేసుకుని కూర్చుని నేర్చుకున్నాను. ఆయనకు ఏ సర్టిఫికెట్టూ లేదు. రోగి గుమ్మంలోకి నడిచి వస్తుండగానే సగం జబ్బు చెప్పేసేవారు, తర్వాత నన్ను అడిగేవారు. ఇప్పుడు నా దగ్గరికి ఇద్దరు పిల్లల్ని పంపితే సంతోషంగా కూర్చోబెట్టుకుంటాను. కానీ రెండు రోజులు క్లినిక్ మూసుకుని కాకినాడ రండి, పవర్‌పాయింట్ చూడండి, కాగితం తీసుకోండి అంటే ఎంతమంది వస్తారు? సార్వా ఊడ్పుల రోజుల్లో జ్వరాలతో నా బయట బెంచీ ఖాళీ ఉండదు. మీరు షరతు పెట్టిన రోజునే మంచి డాక్టర్లు తప్పుకుంటారు. కాగితం కోసం వచ్చేవాళ్ళు మిగులుతారు.

హౌస్‌సర్జన్, తూర్పు డెల్టా

పాలకొల్లు సార్, మీ సీనియర్ గారు మిమ్మల్ని అడిగారు. అది మీ అదృష్టం సార్. నన్ను ఎవరూ అడగలేదు.

నా పీహెచ్‌సీ పోస్టింగ్‌లో చేసిన పని: ఓపీ రిజిస్టరు రాయడం, బీపీ చూడటం, చివరి రోజు లాగ్‌బుక్ (చేసిన పనులు రాసి సంతకం తీసుకునే పుస్తకం) ముందుకు తోస్తే అన్ని పేజీల మీదా ఒకేసారి సంతకం. మెడికల్ ఆఫీసరు మంచి మనిషి. టీ ఇప్పించేవారు, ఇంటికి తొందరగా పంపేవారు. కానీ నేను ఒక రోగితో మాట్లాడుతుంటే ఆయన ఒక్కసారి కూడా చూడలేదు.

ఒక రాత్రి చేలో పాము కరిచిన రైతును తెచ్చారు. రక్తపింజర అని బంధువుల అనుమానం. 20 నిమిషాల క్లాటింగ్ టెస్టు (రక్తం గడ్డ కడుతోందా లేదా చూసేది) నాకు అప్పగించారు. కొత్త, పొడి గాజు ట్యూబులో 2 ఎంఎల్ రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, అప్పుడు ఒకసారి వంచి చూడాలి. ట్యూబు సబ్బుతో కడిగిందైనా, ప్లాస్టిక్‌దైనా, మధ్యలో కదిపినా ఫలితాన్ని నమ్మలేం. రక్తం గడ్డ కట్టకపోతే యాంటీవెనమ్ (పాము విషానికి విరుగుడు) మొదలుపెడతారు. అంత బరువైన నిర్ణయం. నేను ఏ ట్యూబు తీసుకున్నానో చూసినవాళ్ళు లేరు, ఎలా చేశావని తర్వాత అడిగినవాళ్ళూ లేరు. నేను పుస్తకంలో చదివి ఉన్నాను కాబట్టి సరిపోయింది. నా పక్కన ఉన్న కుర్రాడైతే ట్యూబును పట్టుకుని అటూ ఇటూ ఊపి చూసేవాడే, ఆ సంగతి తనే చెప్పాడు. లాగ్‌బుక్‌లో మా ఇద్దరికీ ఒకే సంతకం ఉంది.

శిక్షణ అంటే పవర్‌పాయింట్ అక్కర్లేదు సార్. విద్యార్థి చేస్తుంటే పక్కన నిలబడి చూడాలి అన్న ఒక్క అలవాటు నేర్పినా చాలు.

అమలాపురం నుంచి ఇంగ్లండ్

నేను ఇక్కడ జీపీని (జనరల్ ప్రాక్టీషనర్), మా ప్రాక్టీసుకు మెడికల్ విద్యార్థులు వస్తుంటారు. 1993లో జనరల్ మెడికల్ కౌన్సిల్ చదువులో మార్పులు సిఫారసు చేశాక ఆస్పత్రి వార్డుల నుంచి ఊళ్ళోని ప్రాక్టీసులకు బోధనలో కొంత భాగం మళ్ళింది. విద్యార్థిని తీసుకునే ముందు యూనివర్సిటీ మాకు శిక్షణ ఇస్తుంది, తర్వాత కూడా పిలుస్తుంటుంది. విద్యార్థులు మా గురించి రాసిన అభిప్రాయాలు మాకు వస్తాయి. చదివి కొన్నిసార్లు బాధ కలుగుతుంది, పనికీ వస్తాయి.

విద్యార్థి వేరే గదిలో ఒక్కడే రోగితో మాట్లాడతాడు. తర్వాత నేను వెళ్తాను. రోగి ఎదుటే విద్యార్థి తను విన్నది నాకు చెబుతాడు, తప్పుంటే రోగే సరిదిద్దుతుంది. ఇది జరగాలంటే ఆ పూట నా అపాయింట్‌మెంట్లు తగ్గించాలి. ఆ నష్టానికి యూనివర్సిటీ ప్రాక్టీసుకు డబ్బు కడుతుంది. ఇదంతా మన దగ్గర యథాతథంగా కుదురుతుందని అనను. కానీ డబ్బు, సమయం అనే రెండూ ఇవ్వకుండా శిక్షణ ఒక్కటే ఇస్తే, తెలిసి కూడా చేయలేని డాక్టర్లు తయారవుతారు.

లంక ఎంవో

ఇంగ్లండ్ డాక్టరు గారి ఆఖరి వాక్యం పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరుగా (ఎంవో) నా మనసులో మాట. పీహెచ్‌సీకి ఇద్దరు డాక్టర్లమని కాగితం మీద ఉంటుంది. ఫ్యామిలీ డాక్టర్ విధానం వచ్చాక ఒకరం 104 వాహనంతో ఊళ్ళు తిరుగుతాం, ఒకరం ఓపీలో ఉంటాం. మీటింగులు, ఆన్‌లైన్ ఎంట్రీలు, వరద నెలల్లో క్యాంపులు. గోదావరి పెరిగితే లంకల్లోకి పడవ మీద మందులు మోసుకెళ్ళాలి. ఇంతలో విద్యార్థి వస్తే అతన్ని రిజిస్టరు దగ్గర కూర్చోబెట్టేది చెడ్డ ఉద్దేశంతో కాదు. అక్కడ మనిషి కావాలి, అతను ఖాళీగా ఉన్నాడు, అంతే. హౌస్‌సర్జన్ తమ్ముడు చెప్పింది నిజం. కానీ నన్ను రెండు రోజులు ట్రైనింగ్‌కు పిలిస్తే ఆ రెండు రోజులు ఓపీ ఎవరు చూస్తారో కూడా అదే ఉత్తర్వులో రాయండి.

రాజోలు కోడలు

నేను డాక్టర్ని కాదండి, చదువుతూ ఊరుకోలేక రాస్తున్నాను. మా అత్తగారిని చూపించడానికి వెళ్తే గదిలో నలుగురు పిల్లలు నిలబడి ఉన్నారు. ఎవరో చెప్పలేదు, ఉండొచ్చా అని అడగలేదు. ఆవిడ గర్భసంచి సమస్య చెప్పలేక ‘నడుం నొప్పండి’ అని చెప్పి వచ్చేశారు. నడుం నొప్పికి మందు రాసిచ్చారు. పిల్లలు నేర్చుకోవాలి, కాదనను. మీ శిక్షణలో ముందు రోగిని అడగడం పెట్టండి.

గౌతమి పాయ

అమ్మా, మీరు రాసినందుకు ధన్యవాదాలు. అది మొదటి గంటలోనే ఉంటుంది. విద్యార్థి ఉన్నాడని రోగి లోపలికి రాకముందే ఏఎన్‌ఎం గానీ ఆశా గానీ చెప్పాలి. గదిలోకి వచ్చాక, పిల్లల ముందు అడిగితే మొహమాటానికి ఎవరైనా ‘సరే’ అంటారు.

పాలకొల్లు డాక్టరు గారికి: మీ సీనియర్ గారు చేసిన పనిని 1992లో అమెరికాలో ఫ్యామిలీ మెడిసిన్ వాళ్ళు అయిదు మెట్లుగా రాశారు. ‘వన్ మినిట్ ప్రిసెప్టర్’ (ప్రిసెప్టర్ అంటే పక్కన ఉండి నేర్పే డాక్టరు) అంటారు. రద్దీ ఓపీ కోసమే తయారుచేశారు. ఊడ్పుల కూలీ జ్వరంతో వచ్చిందనుకోండి. విద్యార్థి వివరాలు చెప్పి మీ మొహం చూస్తాడు. మీరు జవాబు చెప్పకుండా ‘నువ్వేమనుకుంటున్నావు?’ అంటారు. ‘లెప్టోస్పైరోసిస్ (ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ నుంచి వచ్చే జ్వరం) అనుకుంటున్నాను సార్.’ ‘ఎందుకు?’ ‘నీళ్ళలో నిలబడి పని, పిక్కల్లో నొప్పి, కళ్ళు ఎర్రబడ్డాయి.’ అప్పుడు ఒక్క సూత్రం చెబుతారు: కామెర్లు వచ్చేదాకా ఆగకూడదు, మూత్రం ఎంత వస్తోందో అడగాలి. ఏది బాగా చేశాడో చెబుతారు. ఏది వదిలేశాడో కూడా, ఉదాహరణకు మలేరియా, డెంగ్యూ పరీక్షల మాట ఎత్తలేదని, చెబుతారు. కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. మీ సీనియర్ గారికి ఇది సహజంగా వచ్చింది. రానివాళ్ళకు నేర్పవచ్చు, అదీ మీ క్లినిక్‌లోనే, మీ రోగుల మధ్యనే. ఒక అధ్యాపకుడు ఒక పూట వచ్చి మీరు నేర్పుతుంటే చూస్తాడు. కాకినాడ రావాల్సిన పని లేదు. రెండు రోజుల హాలు మాట నేను వదులుకుంటున్నాను. తప్పనిసరి మాట వదులుకోను.

పాలకొల్లు క్లినిక్

క్లినిక్‌కు వస్తే నాకు అభ్యంతరం లేదు, తలుపు తీసే ఉంటుంది. నేను నేర్పుతుంటే ఇంకొకరు చూడటం మొదట కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది, ఫర్వాలేదు. తప్పనిసరి విషయంలో మాత్రం నా మాట అదే. మొదటి రెండేళ్ళు ఇష్టమున్నవాళ్ళతో నడపండి. వాళ్ళ దగ్గర చదివిన పిల్లలు ఎలా తయారయ్యారో చూసి అప్పుడు ఉత్తర్వు తెండి.

హౌస్‌సర్జన్, తూర్పు డెల్టా

ఆ రెండేళ్ళలో ఇష్టం లేనివాళ్ళ దగ్గరికి వెళ్ళే బ్యాచ్‌ల సంగతేంటి సార్? పోస్టింగ్ ఎక్కడ పడుతుందో మా చేతిలో లేదు.

లంక ఎంవో

నాదొక ప్రశ్న మేడమ్. రేపు నేను నిజంగానే విద్యార్థి పక్కన నిలబడి చూశాను, అతనికి పని రాదని తేలింది. సంతకం పెట్టకపోతే అతని ఇంటర్న్‌షిప్ ఆగుతుంది. వాళ్ళ నాన్న ఫోన్ చేస్తారు, తర్వాత ఇంకెవరో చేయిస్తారు. ఈ టెన్షన్ అంతా నా ఒక్కడి మీద వేస్తే నేనూ కళ్ళు మూసుకుని సంతకం పెడతాను.

గౌతమి పాయ

ఎంబీబీఎస్ లాగ్‌బుక్‌లో ‘పూర్తయింది’ పక్కనే ‘మళ్ళీ చేయాలి’, ‘ప్రత్యేకంగా నేర్పి చేయించాలి’ అని గడులు ఉన్నాయి. మనవాళ్ళు వాటిని దాదాపు వాడరు. ఇంటర్న్‌షిప్ పుస్తకంలోనూ అదే పద్ధతి పెట్టాలంటాను. మీరు ‘మళ్ళీ చేయాలి’ అన్నది టిక్ పెట్టి, మీరు చూసింది రెండు వాక్యాలు రాయండి: ట్యూబు కదిపాడు, 20 నిమిషాలు ఆగలేదు అని. తర్వాత నిర్ణయం మా డిపార్ట్‌మెంట్‌ది, ఫోన్లు కూడా మాకే రావాలి. ఈ మాట కాలేజీ నుంచి మీకు రాతపూర్వకంగా వచ్చేదాకా మీరు ఒక్క విద్యార్థిని కూడా తీసుకోనక్కర్లేదు. ఆ కాగితం ముసాయిదా ఈ వారంలో ఇక్కడే పెడతాను, ఓపీ ఎవరు చూస్తారన్న గడితో సహా. మీరే ముందు దిద్దండి.