లోపాయికారీ వ్యవహారాన్ని ఆంగ్లంలో ఏమనాలి?

ప్రశ్న (గృహిణి, సీతమ్మధార):
మా అపార్టుమెంటు యజమానుల సంఘంలో ఇద్దరు కార్యవర్గ సభ్యులు, మిగిలినవారెవరికీ చెప్పకుండా, లిఫ్టు మరమ్మతుల కాంట్రాక్టరుతో మాట్లాడుకొని ధర ఖాయం చేశారు. యజమానుల్లో నౌకాదళంలోనూ ఉక్కు కర్మాగారంలోనూ పనిచేసే ఉత్తరాదివారు చాలామంది ఉన్నందువల్ల ఫిర్యాదును ఆంగ్లంలోనే రాయవలసి వస్తున్నది. "కాన్ఫిడెన్షియల్ డీల్" అని రాస్తే మా అమ్మాయి తప్పన్నది. నిఘంటువులో చూస్తే క్లాండెస్టిన్, సర్రెప్టిషస్, కోవర్ట్ అనే మూడింటికీ "రహస్యమైన" అన్న అర్థమే ఉన్నది. ఏది వాడాలో పెద్దలు దయచేసి తెలియజేయగలరు.

జవాబు (విశ్రాంత ఆంగ్లోపాధ్యాయుడు, ఎం.వి.పి. కాలనీ):
అమ్మా, మీ అమ్మాయి చెప్పినది సరైనదే. నమ్మకం అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి వచ్చిన "కాన్ఫిడెన్షియల్" మన "గోప్యం" వంటి గౌరవప్రదమైన మాట. రోగి వివరాలను వైద్యుడు, కక్షిదారు సంగతులను న్యాయవాది బయటపెట్టకపోవడం వారి ధర్మం కనుక అక్కడ ఆ మాట పొసగుతుంది. మీరు తప్పుపడుతున్న పనికి దానిని వాడితే, ఆ పని చేసినవారికి మీరే మర్యాద కట్టబెట్టినట్లవుతుంది.

మన "లోపాయికారీ"కి దగ్గరగా ఉండేది "క్లాండెస్టిన్". బయటపడితే ఎవరో ఒకరు అభ్యంతరం చెబుతారని తెలిసి దాచిన సమావేశానికీ ఒప్పందానికీ అది అతుకుతుంది. "సర్రెప్టిషస్" అన్నది దొంగచాటు చేష్టకు సంబంధించిన మాట. సభలో పక్కవారికి తెలియకుండా సెల్‌ఫోనులో మాటలు రికార్డు చేయడం అటువంటిది. "కోవర్ట్" అంటే పథకం ప్రకారం కప్పిపెట్టిన చర్య. 1971 యుద్ధంలో విక్రాంత్ నౌకను వెదుకుతూ మన విశాఖ తీరానికి రహస్యంగా వచ్చి మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ప్రయాణానికి అది తగుతుంది గాని, లిఫ్టు బేరానికి మరీ బరువవుతుంది. మన పత్రికలు దళంలో ఉంటూ పోలీసులకు పనిచేసే మనిషిని "కోవర్టు" అంటాయి. ఆంగ్లంలో ఆ అర్థం లేదు, అక్కడ నామవాచకంగా వాడితే అడవి జంతువులు దాగే పొద అవుతుంది.

అయితే నేను ముఖ్యంగా చెప్పదలచినది వేరొకటి ఉన్నది. "క్లాండెస్టిన్" అని రాయడం వారి ఉద్దేశం మీద ఆరోపణ చేయడమే. "అండర్ ద టేబుల్" అంటే లంచం చేతులు మారిందన్నట్టే, "కల్యూజన్" అంటే కుమ్మక్కయ్యారన్నట్టే. వారు కావాలని దాచారనడానికి మీ దగ్గర ఆధారం ఉన్నదా?

ప్రశ్న వేసినవారు:
లేదండీ. మాకు చెప్పలేదన్నది మాత్రమే రుజువు చేయగలను.

జవాబు:
అటువంటప్పుడు "వితౌట్ ద నాలెడ్జ్ ఆఫ్ ద మెంబర్స్" అని రాయండి. సభ్యులకు తెలియకుండా అన్నది జరిగిన విషయం, దానిని ఎవరూ కాదనలేరు. నిరూపించలేని మాట ఒక్కటి పడితే చర్చ లిఫ్టు ధరను వదిలి మీ మాట మీదకు మళ్లుతుంది, పరువునష్టం తగాదాకు కూడా దారితీయవచ్చు.

ఉపప్రశ్న (న్యాయశాస్త్ర విద్యార్థిని, మద్దిలపాలెం):
మాస్టారూ, "ఇన్ కెమెరా" అంటే విచారణను వీడియో తీయడమని మా ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. అది నిజమేనా?

జవాబు:
కాదమ్మా. లాటిన్‌లో "కెమెరా" అంటే గది. ఇతరులను లోపలికి రానివ్వకుండా జరిపే విచారణ అని దాని అర్థం. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం 11వ సెక్షన్ ప్రకారం, కక్షిదారులలో ఎవరు కోరినా విచారణను అలాగే జరపాలి. ఇది చట్టమే కల్పించిన ఏకాంతం కనుక ఆ మాటలో నింద ఏమాత్రం లేదు.

ప్రశ్న వేసినవారు:
"వితౌట్ ద నాలెడ్జ్ ఆర్ కన్సెంట్ ఆఫ్ ద మెంబర్స్" అని రాశాను, సరిపోతుందా?

జవాబు:
చక్కగా ఉన్నది. ధర ఖాయమైన తేదీని కూడా ఆ వాక్యంలోనే చేర్చండి.