గీజరు గుడగుడ: యాసిడ్ పోయించాలా, విప్పించాలా?

రాజురా నుంచి, అడిగినవారు:
మాది 25 లీటర్ల గీజరు, బోరు నీళ్లు. చలి మొదలైనప్పటి నుంచి స్విచ్ వేసిన కాసేపటికి గుడగుడ, మధ్యలో టప్‌టప్ చప్పుడు. బాత్రూమ్ కడిగే యాసిడ్ లోపల పోస్తే చాలని మెకానిక్ అన్నాడు. చప్పుడే కదా, వాడుకోండి అని పక్కింటివాళ్లు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

బల్లార్పూర్ నుంచి:
యాసిడ్ పోయించండి అక్కా. మా ఇంట్లో అలాగే చేశారు, చప్పుడు పోయింది. ఆలస్యం చేస్తే కరెంటు బిల్లు రెట్టింపవుతుంది.

గడ్చాందూర్ నుంచి:
తమ్ముడు చెప్పిన రెండు మాటలూ నేను ఒప్పుకోను.

ముందు చప్పుడు సంగతి. మన చంద్రపూర్ జిల్లాలో రాజురా, కోర్పనా వైపు నేల కింద సున్నపురాయి ఉంది. ఇక్కడ సిమెంటు కర్మాగారాలు వెలిసింది దాని కోసమే. ఆ రాళ్ల మధ్య నుంచి వచ్చే నీటిలో కాల్షియం బైకార్బొనేట్ కరిగి ఉంటుంది. వేడి తగలగానే అది కాల్షియం కార్బొనేట్‌గా, అంటే సున్నపు పొరగా మారి, నీటిని కాచే ఎలిమెంట్ మీద పేరుకుంటుంది, పెళ్లలు ఊడి అడుగున పడతాయి. ఆ పొర కింద చిక్కిన నీరు ఆవిరై బుడగలుగా పగులుతుంటే మీకు గుడగుడ వినిపిస్తుంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం, అంటే నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు; వేరే నీరు దొరకని చోట 600 వరకు ఒప్పుకుంటారు. మీ బోరు నీటిని ఒకసారి పరీక్ష చేయించండి.

ఇక యాసిడ్. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. సున్నాన్ని కరిగించడమే కాక లోహాన్నీ తింటుంది. ట్యాంకు లోపలి ఎనామిల్ పూతలో సన్నని పగులు ఉన్నా అక్కడి నుంచి ఉక్కులోకి దిగుతుంది. ఉక్కు తుప్పు పట్టకుండా తాను కరిగిపోవడానికి పెట్టిన మెగ్నీషియం కడ్డీ కూడా లోపలే ఉంటుంది. దాన్ని తీయకుండా ఆమ్లం పోస్తే కడ్డీ కరిగి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. మూసిన ట్యాంకులో ఇది చేయమని చెప్పేవాణ్ణి నేను ఇంట్లోకి రానివ్వను.

బిల్లు రెట్టింపు కాదు. ఎలిమెంట్ నీటిలోనే మునిగి ఉంటుంది కాబట్టి దాని వేడి చివరికి నీటికే చేరుతుంది. 25 లీటర్లను 40 డిగ్రీలు పెంచడానికి సుమారు 1.2 యూనిట్లు కావాలి, సున్నం ఉన్నా లేకున్నా దాదాపు అంతే.

చంద్రపూర్ నుంచి:
బిల్లు పెరగదంటే పక్కింటివాళ్లు చెప్పిందే నిజం కదండీ? ఖర్చు పెట్టి విప్పించడం ఎందుకు?

గడ్చాందూర్ నుంచి:
పొర మందమయ్యేకొద్దీ ఎలిమెంట్ తన వేడిని నీటికి త్వరగా ఇవ్వలేదు, అతిగా కాగి మాడిపోతుంది. ఈలోగా కడ్డీ కూడా అయిపోతే ట్యాంకు తుప్పు పట్టి కారుతుంది. అప్పుడు కొత్త గీజరే. విప్పిస్తే ఆ రెండింటినీ కళ్లారా చూడవచ్చు.

గీజరుకు కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్ ఆపించి, నీళ్లు దింపించి, కింది ప్లేటు విప్పించండి. పెళ్లలు చేత్తో తీయాలి. ఎలిమెంటును బయటికి తీసి, కరెంటు తీగలు బిగించే కొసలు తడవకుండా, నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటిలో నానబెడితే మిగిలిన సున్నం మెత్తబడుతుంది. కడ్డీ సన్నబడి లోపలి తీగ కనిపిస్తే మార్పించండి. రబ్బరు వాషరు కొత్తది వేయించండి, పాతది మళ్లీ బిగిస్తే కారుతుంది.

రాజురా నుంచి, అడిగినవారు:
సరే అన్నా, విప్పిస్తాను. వేడయ్యేటప్పుడు వాల్వు నుంచి చుక్కలు కూడా పడుతున్నాయి. దాన్ని మూసేయమన్నాడు ఆ మెకానిక్.

గడ్చాందూర్ నుంచి:
ఎట్టి పరిస్థితిలోనూ మూయకండి అమ్మా! వేడికి నీరు వ్యాకోచించినప్పుడు అదనపు ఒత్తిడి అక్కడి నుంచే పోవాలి. కాస్త చుక్కలు పడటం మామూలే. స్విచ్ ఆపాక కూడా ధారగా కారుతుంటే వాల్వు మార్పించాలి. కుళాయి తిప్పగానే నీటితో పాటు ఆవిరి చిమ్మితే మాత్రం వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ పని చేయడం లేదన్నమాట. వెంటనే ఎంసీబీ ఆపి, బాగుచేయించేదాకా వేయకండి.

శుభ్రమయ్యాక థర్మోస్టాట్ 60 దాటనివ్వకండి, పైకి పోయేకొద్దీ సున్నం వేగంగా పడుతుంది. మరీ తగ్గించి 50 లోపు నిల్వ ఉంచవద్దు, గోరువెచ్చని నీటిలో లీజియోనెల్లా సూక్ష్మజీవి పెరుగుతుంది.