అపార్ట్‌మెంట్‌లో ఎలక్ట్రిక్ కార్ల చార్జింగ్: ఖర్చు ఎవరు భరించాలి?

ప్రశ్న

నమస్కారమండీ. మాది హైదరాబాద్‌లో కొండాపూర్ వైపు 84 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఇప్పటికి 11 మంది ఎలక్ట్రిక్ కార్లు కొన్నారు కానీ సెల్లార్‌లో చార్జింగ్ సదుపాయం లేదు. ఒకరు వాచ్‌మన్ గదిలోంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి రాత్రంతా చార్జింగ్ పెడితే, తెల్లవారేసరికి ప్లగ్గు కరిగి సాకెట్‌కు అతుక్కుపోయింది, దాని పైన గోడ జానెడు మేర నల్లబడింది. ఆ రోజు నుంచి కామన్ మీటరు మీద చార్జింగ్‌ను కమిటీ ఆపేసింది. ఒక కాంట్రాక్టరు కారుకు ఒకటి చొప్పున 7.4 కిలోవాట్ల చార్జర్లు, కేబుళ్లు, ప్యానెల్ అన్నీ కలిపి అంచనా ఇచ్చారు. కార్లు లేనివారు కార్పస్ ఫండ్ (అసోసియేషన్ ఉమ్మడి నిధి) ముట్టుకోవద్దంటున్నారు, ఉన్నవారు ఇది లిఫ్టులాంటి ఉమ్మడి సదుపాయమే అంటున్నారు. కమిటీ సభ్యుడిగా నాకు ఇరువైపులా న్యాయం కనిపిస్తోంది. ఖర్చును ఎలా పంచితే బాగుంటుంది? ప్రభుత్వ సబ్సిడీ ఏమైనా వస్తుందా?

జవాబు 1 (ఒక అసోసియేషన్ కోశాధికారి, మియాపూర్)

మా దగ్గర ఈ తగవు ఏడాది పాటు నడిచింది. అంచనాను రెండుగా విడగొట్టాకే తెగింది. మెయిన్ ప్యానెల్ నుంచి సెల్లార్ స్తంభాల దాకా వెళ్లే పెద్ద కేబుల్, పంపిణీ బోర్డులు భవనానికి చెందుతాయి. అక్కడి నుంచి ఎవరి పార్కింగ్ దాకా వారి వైరు, సబ్‌మీటరు, చార్జరు వారి సొంతం. మొదటి భాగానికి జనరల్ బాడీ తీర్మానంతో కార్పస్ నుంచి అడ్వాన్సు తీసుకుని, కనెక్షన్ తీసుకునే ప్రతి ఫ్లాటు నుంచి చేరిక రుసుముగా తిరిగి రాబడుతున్నాం. ఆ రుసుమును లెక్కగట్టేటప్పుడు ఇప్పుడున్న కార్ల సంఖ్యతో భాగించకండి. ఆ లైను మోయగలిగిన మొత్తం కనెక్షన్ల సంఖ్యతో భాగించండి. లేకపోతే ముందు కొన్న 11 మందే అంతా భరించి, తర్వాత వచ్చేవారు ఉచితంగా వాడుకుంటారు. ఆలస్యంగా చేరేవారి నుంచి, ఆ డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటే వచ్చే వడ్డీని కూడా కలిపి తీసుకుంటున్నాం. కారు లేనివారు ఒప్పుకున్నది ఈ ఒక్క షరతు వల్లనే.

సబ్సిడీ సంగతి: ఎలక్ట్రిక్ వాహనాల కోసం కేంద్రం తెచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో చార్జింగ్ కోసం కేటాయించిన 2,000 కోట్లు పబ్లిక్ స్టేషన్లకే, నివాసులు మాత్రమే వాడుకునే సెల్లార్‌కు కాదు. 2026 డిసెంబర్ 31 వరకు తెలంగాణ ప్రకటించిన రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ మినహాయింపు కూడా వాహనానికే వర్తిస్తుంది. అయితే చార్జరు మీద జీఎస్టీని 2019 ఆగస్టులోనే 18 నుంచి 5 శాతానికి తగ్గించారు కనుక, బిల్లులో చార్జరు ధరను విడిగా చూపించమని కాంట్రాక్టరును అడగండి. యూనిట్ల లెక్కన డబ్బు వసూలు చేస్తే కరెంటు అమ్మినట్టవుతుందని మా దగ్గర కొందరు భయపడ్డారు. చార్జింగ్ అనేది సేవ, దానికి లైసెన్సు అక్కర్లేదని కేంద్ర విద్యుత్ శాఖ 2018లోనే స్పష్టం చేసింది.

జవాబు 2 (విద్యుత్ ఇంజినీరు, విజయవాడ)

పంపకం కన్నా ముందు ఆ అంచనానే ప్రశ్నించండి. 11 చార్జర్లు ఒకేసారి నడిస్తే 81.4 కిలోవాట్ల లోడు పడుతుంది, కేబుల్, ప్యానెల్ అంత పెద్దవి కావడానికి కారణం అదే. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే కారుకు యూనిట్‌కు ఏడు కిలోమీటర్ల చొప్పున సుమారు 143 యూనిట్లు, అంటే రోజుకు ఐదు యూనిట్లలోపే కావాలి. 3.3 కిలోవాట్ల పాయింటు గంటన్నరలో ఆ పని చేస్తుంది. పదకొండూ కలిసినా 36.3 కిలోవాట్లే, రాత్రి పదకొండు తర్వాత వంతులవారీగా నడిపితే ఇంకా తగ్గుతుంది. ప్రతి పాయింటుకూ విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్చు), ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్చు), సరైన ఎర్తింగ్ మాత్రం తప్పనిసరి, మీరు చెప్పిన కరిగిన ప్లగ్గు తర్వాత దీని గురించి వేరే చెప్పక్కర్లేదు.

మీటరు బోర్డుకు దగ్గరలో పార్కింగ్ ఉన్నవారు లోడు పెంచుకుని తమ మీటరు నుంచే లైను లాక్కుంటే అసోసియేషన్ డబ్బుతో పనే లేదు. కాకపోతే ఆ యూనిట్లు ఇంటి బిల్లును పై శ్లాబులోకి నెడతాయి. వాహన చార్జింగ్‌కు శ్లాబులు లేని ప్రత్యేక కేటగిరీ ఉంది. అడిగినవారికి ఆ కనెక్షన్ విడిగా ఇవ్వాలని 2024 ఫిబ్రవరిలో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనలు చెబుతున్నాయి.

జవాబు 3 (బెంగళూరు నుంచి)

చార్జర్లన్నీ మేమే పెడతామంటూ ఏ సంస్థ అయినా వస్తే ఒప్పందం ప్రతి పేజీ చదవండి. మేము పెట్టుబడి తప్పిందని సంతోషించి ఐదేళ్లకు సంతకం చేశాం. యూనిట్ ధర పెంచే హక్కు వారిదేనని, ఆ కాలంలో మరొకరి చార్జరు లోపలికి రాకూడదని అందులో ఉన్న సంగతి రెండో ఏడు ధర పెరిగాకే చూసుకున్నాం.

అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. 3.3 కిలోవాట్ల పాయింట్లతో కొత్త అంచనా అడిగాను. ఒక్క సందేహం: 11 మందిలో నలుగురు అద్దెకున్నవారు. చేరిక రుసుము ఎవరు కట్టాలి?

జవాబు 1 రాసినవారు

యజమాని కట్టాలండీ. ఆ కనెక్షన్ హక్కు ఫ్లాటుతోనే ఉండిపోతుంది, అమ్మినా కొన్నవారికే వెళుతుంది. అద్దెకున్నవారు తమ చార్జరు, నెలవారీ యూనిట్లు చూసుకుంటారు. ఖాళీ చేసేటప్పుడు చార్జరు విప్పి తీసుకెళ్లవచ్చని మేము తీర్మానంలోనే రాసుకున్నాం.