సుభద్ర వేషానికి కన్నీళ్లు ఎలా తెప్పించుకోవాలి?

నమస్కారం. చిత్తూరు దగ్గర మా ఊరి ద్రౌపదమ్మ గుడిలో భారత ఉత్సవాలు రాబోతున్నాయి. 18 రోజులూ పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ఈసారి అభిమన్యుడు పడిన రోజు సుభద్ర వేషం నాది.

కొడుకు మీద పడి పద్యం ఎత్తుకునేసరికి కళ్లు నిండాలి. నాకు గొంతు వణుకుతుంది, చేతులు వణుకుతాయి, కళ్లు మాత్రం పొడిగానే ఉంటాయి. మొన్న సాధనలో గ్లిజరిన్ వాడాను. కింది రెప్ప కింద పూయబోతే కంట్లోకి జారింది. ఒకటే మంట. కాటుక కరిగి, ముఖానికి వేసిన రంగు మీద గడ్డం దాకా నల్లటి చార పడింది. సినిమా వాళ్లు కంటి కింద రాసుకునే మెంథాల్ పుల్ల ఆరుబయట, రాత్రి గాలిలో పనిచేస్తుందా?

రెప్ప వేయకుండా చాలాసేపు చూస్తే నీళ్లు వస్తున్నాయి, కానీ పద్యం పాడుతూ అలా చూడలేను. నాట్యశాస్త్రం అశ్రువును 8 సాత్త్విక భావాల్లో ఒకటిగా చెప్పింది, అది మనసులోంచే రావాలంటారు మా గురువుగారు. ఆయన మాట మీద నాకు నమ్మకం ఉంది. పోయిన మా అవ్వను తలచుకుంటే నిజంగానే ఏడుపు వస్తుంది. అయితే వెంటనే గొంతు పూడుకుపోయి రాగం తెగిపోతుంది.

కన్నీరు కారుతుండగా శ్రుతి తప్పకుండా పాడిన రంగస్థల నటులు ఎవరైనా ఉంటే, ఊపిరి ఎక్కడ తీసుకుంటారో, ఆ తలపును ఏ చరణం దగ్గర మొదలుపెడతారో దయచేసి చెప్పండి.