ల్యూమినాల్‌తో నానోమోలార్ పెరాక్సైడ్: బ్లాంక్ కూడా శాంపిల్ అంత వెలుగుతోంది

ప్రశ్న:
అందరికీ నమస్తే. నీళ్లలో హైడ్రోజన్ పెరాక్సైడ్ నానోమోలార్ స్థాయిలో కొలవాలండి. ల్యూమినాల్ (పెరాక్సైడ్‌తో చర్య జరిగితే నీలంగా వెలిగే రసాయనం), కోబాల్ట్ క్యాటలిస్ట్, కార్బొనేట్ బఫర్ (పీహెచ్ 10.5) వాడుతున్నా. మైక్రోమోలార్ స్టాండర్డ్స్‌కి లైన్ చక్కగా వస్తోంది గానీ అంతకంటే కిందికి దిగితే బ్లాంక్‌కీ (పెరాక్సైడ్ కలపని నీళ్లకి) శాంపిల్‌కీ తేడా కనిపించట్లేదు, పైగా ఒకే శాంపిల్ మళ్లీ పెడితే ఇంకో నంబర్. పిపెట్‌తో క్యూవెట్‌లో కలిపి, మూత పెట్టి, పీఎంటీ (సన్నటి వెలుగుని కొలిచే ఫొటోమల్టిప్లయర్ ట్యూబ్) ఆన్ చేస్తున్నా. దాని గెయిన్ (సిగ్నల్‌ని పెద్దది చేసే సెట్టింగ్) పెంచాలా?

నీలికాంతి:
గెయిన్ పెంచొద్దండి, బ్లాంక్ కూడా అంతే పెరుగుతుంది. ఇందులో ల్యాంప్ ఉండదు కాబట్టి వెనకంతా చీకటే, అందుకే ఇంత తక్కువ పెరాక్సైడ్ కూడా పట్టుకోవచ్చు, అదే కారణంగా రియేజెంట్లలోంచి వచ్చే కాస్త వెలుగు కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. నంబర్లు మారడానికి కారణం మాత్రం మీరు కలిపే పద్ధతే. కోబాల్ట్‌తో వెలుగు కలిపిన వెంటనే లేచి పడిపోతుంది, మీరు మూత పెట్టేలోపు పీక్ దాటిపోతోంది. శాంపిల్ లోపల పెట్టి, పీఎంటీ రికార్డింగ్ మొదలయ్యాక సిరంజితో నల్లటి సన్న ట్యూబ్ ద్వారా ల్యూమినాల్ వదలండి. వీలుంటే ఫ్లో ఇంజెక్షన్‌కి (శాంపిల్, రియేజెంట్లు పంపుతో ట్యూబుల్లో పారుతూ కలిసే పద్ధతి) మారిపోండి, కలిసిన చోటు నుంచి డిటెక్టర్ దాకా పట్టే టైమ్ ప్రతిసారీ ఒకటే ఉంటుంది.

ల్యాబ్‌పిల్లి:
బ్లాంక్ విషయంలో నేనైతే ముందు నీళ్లనే అనుమానిస్తా. వెలుతురులో నిలవున్న డీఅయొనైజ్డ్ నీళ్లలో కొంచెం ఆర్గానిక్ పదార్థం ఉన్నా పెరాక్సైడ్ తయారవుతుంది. బ్లాంక్‌ని రెండుగా చేసి ఒకదాంట్లో చిటికెడు క్యాటలేజ్ (పెరాక్సైడ్‌ని విడగొట్టే ఎంజైమ్) వేసి కాసేపు ఆగి చూడండి. సిగ్నల్ పడిపోతే నీళ్లలోనే పెరాక్సైడ్ ఉన్నట్టు, పడకపోతే బఫర్‌లో, సీసాల్లో ఉన్న రాగి, ఇనుము లాంటి లోహాల సంగతి చూడాలి. సీసాలు పలచటి నైట్రిక్ యాసిడ్‌లో నానబెట్టి కడగండి.

ప్రశ్న అడిగినవారు:
క్యాటలేజ్‌లో కూడా హీమ్ (ఇనుము ఉన్న భాగం) ఉంటుంది కదండీ, అదే ల్యూమినాల్‌ని వెలిగిస్తే?

ల్యాబ్‌పిల్లి:
మంచి డౌటే, వెలిగించగలదు. అందుకే డోస్ కొద్దికొద్దిగా పెంచుతూ చూడండి. సిగ్నల్ పడి అక్కడే నిలబడితే సరే, ఇంకా వేస్తే మళ్లీ పైకి లేస్తుంటే అది హీమ్ వెలుగు.

పాతకెమిస్ట్:
ఇంకో మాట. శాంపిల్‌లో ఆస్కార్బిక్ యాసిడ్ లాంటివి ఉంటే వెలుగు తగ్గుతుంది, రాగి ఉంటే పెరగొచ్చు, కాబట్టి స్వచ్ఛమైన నీళ్లలో గీసిన కర్వ్‌ని నేరుగా వాడకుండా శాంపిల్‌లోనే స్టాండర్డ్ కలిపి స్లోప్ తీయండి. పెరాక్సైడ్ స్టాక్ బలం సీసా లేబుల్ చూసి నమ్మొద్దు, పర్మాంగనేట్ టైట్రేషన్ చేయండి, లేదంటే 240 నానోమీటర్ల దగ్గర అబ్సార్బెన్స్ చూడండి. నానోమోలార్ డైల్యూషన్లు ఏ రోజుకారోజు చేసుకోవాల్సిందే.