కిచెన్ క్యాబినెట్లు సొంతంగా: ప్లైవుడ్డా, ఎండీఎఫ్ఫా, అసలు చెక్కేనా?

కొత్తరంపం:
అందరికీ నమస్కారం. వంటింటి క్యాబినెట్లు నేనే చేసుకుందామనుకుంటున్నాను. సర్క్యులర్ సా, డ్రిల్, క్లాంపులు ఉన్నాయి. పుస్తకాల అల్మరా ఒకటి చేశాను, ఇప్పటికీ నిటారుగానే ఉంది. సింక్ కింద బాక్సుతో కలిపి కింద నాలుగు, గోడకి మూడు కావాలి. డోర్లకి పెయింట్ వేస్తాను. చిక్కల్లా ఏ షీట్లు కొనాలన్నదే. ఒకరు మొత్తం ప్లైవుడ్ అంటారు, ఇంకొకరు ఎండీఎఫ్ (చెక్క నారని జిగురుతో అదిమి చేసే షీటు) అయితే నున్నగా ఉంటుందంటారు. మా మామయ్య అయితే చెక్క తప్ప మిగతావన్నీ అట్టముక్కలేనని తేల్చేశారు. ఏదో ఒకటి ఖాయం చేసుకుంటే నా టెన్షన్ తీరుతుంది.

చిత్రిక:
అన్నిటికీ ఒకటే ఎందుకండీ? బాక్సు బరువు మొయ్యాలి, స్క్రూలు పట్టుకోవాలి, సింక్ కింద అయితే తడినీ ఓర్చుకోవాలి. డోరుకి ఆ బాధలేవీ లేవు. అది వంగకుండా ఉండి, పెయింట్ నున్నగా పడితే చాలు. అందుకే నేను బాక్సులకి 18 మి.మీ. ప్లైవుడ్, వెనక పలకకి 6 మి.మీ. ప్లై, పెయింట్ డోర్లకి 18 మి.మీ. ఎండీఎఫ్ వాడతాను.

ప్లైలో పేరుకన్నా జిగురు ముఖ్యం. ఫినాల్ జిగురుతో అతికించింది తడికి ఆగుతుంది. యూరియా జిగురుదైతే నీళ్లు తగులుతూ ఉంటే పొరలు విడిపోతాయి. షీటుని నిలబెట్టి నాలుగు అంచులూ చూడండి. పొరల మధ్య సందులు కనిపిస్తే వదిలెయ్యండి, లోపల ఇంకా ఉంటాయి. సరిగ్గా అక్కడే మీ స్క్రూ పడుతుంది.

సింక్ బాక్సు పాడయ్యేది ఎప్పుడూ కోసిన అంచుల దగ్గరే. పైపు కోసం చేసిన కన్నం లోపలి అంచుకి ఎవరూ ఏమీ పూయరు, నీళ్లు అక్కడినుంచే ఎక్కుతాయి. కన్నాలకీ అడుగు అంచులకీ వార్నిష్ రెండు పూతలు వేసి, ఆ తర్వాతే బిగించండి. బాక్సుని నేల మీద ఆనించకుండా 100 మి.మీ. కాళ్ల మీద నిలబెట్టండి.

ఎండీఎఫ్ సంగతి: 8 అడుగులు, 4 అడుగుల షీటు, 18 మి.మీ. మందంలో దాదాపు 40 కిలోలుంటుంది, ఒక్కరే ఎత్తకండి. కోసేటప్పుడు పిండిలాంటి దుమ్ము లేస్తుంది, మంచి మాస్కు తప్పనిసరి. అంచులు పెయింట్‌ని పీల్చేస్తాయి, కాబట్టి ముందు ప్రైమర్ పూసి, ఆరాక రుద్ది, మళ్లీ పూయండి. డోరు వెనక కూడా అన్నే పూతలు పడాలి, లేకపోతే వంగుతుంది.

కర్రపని:
మామయ్యగారిని అంత తేలిగ్గా తీసెయ్యకండి. చెక్క డోరు గీతలు పడితే చిత్రిక పట్టుకోవచ్చు, ఎండీఎఫ్‌కి ఆ అవకాశం లేదు. కాకపోతే వెడల్పాటి చెక్క పలకని డోరుగా వాడకూడదు. చెక్క తేమ పీల్చినప్పుడు అడ్డంగా ఉబ్బుతుంది, పొడవులో దాదాపు కదలదు. ఫ్రేము కట్టి, మధ్య పలకని గాడిలో జిగురు లేకుండా వదిలితే దాని మానాన అది కదులుతుంది.

చిత్రిక:
నిజమే. కానీ కొత్తరంపంగారు పెయింట్ వేస్తానంటున్నారు. చెక్క నార పెయింట్ కింద దాగాలంటే రుద్ది రుద్ది చేతులు పడిపోతాయి. చెక్క కొని దాన్ని పెయింట్‌తో కప్పెయ్యడం నాకు మనసొప్పదు.

కొత్తరంపం:
అర్థమైంది. మరి పార్టికల్ బోర్డు (చెక్క ముక్కలూ పొట్టూ జిగురుతో అదిమి చేసేది) కాస్త మిగిలి ఉంది. పైబాక్సుల్లో 900 మి.మీ. షెల్ఫులకి వాడొచ్చా? స్టీలు డబ్బాలు పెడతాం.

చిత్రిక:
900కి వద్దు. బరువు అంతటా సమానంగా పరిస్తే, షెల్ఫు 600 నుంచి 900కి పెరిగినప్పుడు వంపు ఒకటిన్నర రెట్లు కాదు, దాదాపు ఐదు రెట్లవుతుంది. పైగా పార్టికల్ బోర్డు ఏళ్ల తరబడి బరువు కింద మెల్లగా కుంగుతూనే ఉంటుంది. 600 దాకా అయితే అంచులకి బ్యాండింగ్ (అంచుల్ని కప్పే సన్నటి పట్టీ) అతికించి వాడేయండి. 900కి ప్లై వేసి, ముందు అంచుకి 40 మి.మీ. చెక్క పట్టీని నిలువుగా జిగురుతో అతికించండి. కబ్జాలు మాత్రం పార్టికల్ బోర్డుకి బిగించకండి, తలుపు తీసి వేస్తుంటే స్క్రూలు ఊడొస్తాయి.